రోజుకు రెండు ముక్కల బ్రెడ్

మా పెద్దమ్మాయి శ్రావ్యకు గోధుమ పడదేమోనని డాక్టర్లు అనుమానించారు. ఆ అనుమానం తేలాలంటే, పడదనుకుంటున్న ఆ గోధుమనే రోజూ మా చేతులతో ఆమెకు పెట్టాలన్నారు. పోయిన చలికాలమంతా మా ఇంట్లో జరిగింది ఇదే. ఇప్పుడు అమ్మాయి కాస్త కుదుటపడింది. కూర్చుని నాలుగు మాటలు వరసగా రాయగలిగే స్థితికి నేనూ వచ్చాను. పిల్లలకు కడుపు బాగోకపోతే తెలుగు ఇళ్లలో అందరం మొదట చేసే పనే మాకు అడ్డం పడింది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదన్నది రాయడానికి ఒక కారణం. రాస్తే నా గుండెదడ తగ్గుతుందేమోనన్నది ఇంకో కారణం.

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గరి బ్యోబ్లింగెన్‌లో. మా ఆవిడ మాధవి కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో పని చేస్తుంది. నేను విజయవాడలో చాలా ఏళ్లు దినపత్రిక డెస్కులో పని చేసి, ఆమె ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చాను. ఇంటి నుంచే అనువాదాలు చేస్తాను. వంట, పిల్లల బడి, బట్టలు ఉతకడం నా వాటా. శ్రావ్యకు తొమ్మిదేళ్లు, చిన్నది మేఘనకు ఆరు.

శనివారం పొద్దున మా ఇంట్లో బ్రెడ్ చేసే పూట. మేఘన కిటాకు, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడికి, వెళ్లే రోజుల్లో అక్కడ పిల్లలందరితో ఒకసారి చేయించారు. ఇంటికొచ్చి, మనమూ చేద్దామని ప్రాణం తీసింది. అలా మొదలైంది. నాకు దోసెల పిండి తెలుసు, ఇడ్లీ పిండి తెలుసు. ఈ పిండి వాటికి చుట్టమే అయినా మొండిది, చేతికి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. శ్రావ్య స్టూలు మీద నిలబడి రెండు చేతులతో పిసికేది. పిండి పొంగుతుంటే మేఘన గిన్నె మీది గుడ్డ ఎత్తి ఎత్తి చూసేది.

"నాన్నా, నిద్ర లేచింది!"

"లస్ ఎస్!" అని అరిచేది శ్రావ్య, వదిలెయ్ దాన్ని అని. "నువ్వు చూస్తుంటే అది పొంగదు."

జడలా మూడు పాయలు అల్లి పైన నువ్వులు చల్లడం శ్రావ్య సొంత విద్య. వేడి వేడిగా తుంచి, వెన్న రాసుకుని, నిలబడే తినేసేవాళ్లు ఇద్దరూ. ఆఫీసు లేని ఆ పూట మాధవి ఆలస్యంగా లేచి, వంటింటి గడప దగ్గర నిలబడి, "నా వాటా ఏదర్రా?" అనేది.

సెప్టెంబరు

బడి తెరిచాక శ్రావ్య మారిపోయింది. సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బి డోలులా ఉండేది. చెయ్యి వేస్తే "తాకొద్దు" అనేది. ముఖం పాలిపోయింది. చిన్న మాటకే ఏడుపు. పాత ప్యాంట్లు నడుం దగ్గర జారుతున్నాయి. ఎదిగే పిల్ల బట్టలు బిగుసుకోవాలి గానీ జారడమేమిటి? క్లాసులో బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటోందని టీచర్ ఫోన్ చేసింది.

పిల్లల డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అడిగితే వారాల తర్వాత దొరికింది. ఈలోగా తెనాలి నుంచి వీడియోలో మా అత్తగారు.

"అదంతా ఆ ఎండు రొట్టెల మహిమ. పిల్లకి ఆ రొట్టెలు పెట్టమాక అమ్మాయ్. పథ్యం పెట్టు. పొద్దున మజ్జిగన్నం, మధ్యాహ్నం పెసరకట్టు, రాత్రికి చారు మెతుకులు. పొట్ట అదే దారికొస్తుంది."

పెట్టాం. ఏ తెలుగు ఇంట్లో పెట్టరు? పొట్ట కొంత దారికొచ్చింది కూడా. పూర్తిగా కాదు. పొద్దున నవ్వేది, రెండు రోజులకోసారి మళ్లీ ముడుచుకునేది. అయినా ముందుకన్నా నయం అనిపించడంతో పథ్యం కొనసాగించాం. శనివారం బ్రెడ్ మాత్రం ఆగలేదు. జడ అల్లడం ఆమె పని, తినడం మా పని. తనకు పెట్టకపోయినా పేచీ పెట్టలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

రక్తపరీక్ష రోజున డాక్టరు, "బ్రెడ్ తింటుందా?" అని అడిగారు. ప్రతి శనివారం ఇంట్లో మేమే చేస్తామండీ అన్నాను, కొంచెం గొప్పగానే. డెస్కులో ఉండగా ఇలాంటి జవాబు ఎవరైనా విలేకరి తెస్తే, అడిగిందేమిటి నువ్వు రాసిందేమిటి అని కాపీ తిప్పి పంపేవాణ్ని. ఆ రోజు అది నాకే తట్టలేదు.

ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. గోధుమ పడని సీలియాక్ జబ్బు అని గట్టిగా చెప్పలేం, కాదనీ చెప్పలేం, పేగుకు సంబంధించి ఇంకేవైనా ఉన్నాయేమో పెద్దాసుపత్రిలో చూపించండి అన్నారు. ఆ "ఇంకేవైనా" అన్న మాట మా ఇంట్లో వచ్చి కూర్చుంది. మాధవి ఫోన్‌లో ఏదో చదువుతూ, నేను రాగానే బోర్లా పెట్టేసేది. నేనూ అవే చదువుతున్నానని ఆమెకు తెలుసు.

డిసెంబరు

స్టుట్‌గార్ట్‌లోని పిల్లల ఆసుపత్రికి లోకల్ రైలు ఎస్-బాన్‌లో వెళ్లాం. వెయిటింగ్ హాల్లో గోడ నిండా చేపల బొమ్మలు. మాధవి అన్ని రిపోర్టులనూ ఒళ్లో పెట్టుకుని, వాటి అంచులు సమంగా సర్దుతూనే ఉంది. మా పేరు పిలిచేదాకా అదే పని.

డాక్టరమ్మ వయసులో చిన్నది. మమ్మల్ని కూర్చోమని, కుర్చీ శ్రావ్య వైపు తిప్పుకుంది. పొద్దున్నే నీకేం ఇష్టం అని అడిగింది.

"రైస్," అంది శ్రావ్య. "పెరుగుతో."

"బ్రెడ్?"

"ఇష్ ఎస్సె కైన్ బ్రోట్." నేను బ్రెడ్ తినను.

"ఎప్పటినుంచి?"

"కడుపునొప్పి వచ్చినప్పటినుంచి. అమ్మమ్మ వద్దంది."

మాధవి రిపోర్టులు సర్దడం ఆపింది. తర్వాత డాక్టరమ్మ నెమ్మదిగా, మాకు అర్థమయ్యే జర్మన్‌లో చెప్పింది. గోధుమ మానేస్తే పేగు కోలుకోవడం మొదలుపెడుతుందట. రక్తంలో జబ్బు జాడ పోతుంది. అప్పుడు పరీక్ష చేస్తే ఏమీ కనబడదు. మా పథ్యం పిల్లకు మేలు చేస్తూ, డాక్టర్ల కళ్లకు గంతలు కట్టింది. ఇప్పుడు మళ్లీ రోజుకు రెండు ముక్కల బ్రెడ్ తినాలి. కొన్ని వారాలు, మానకుండా. ఆ తర్వాత ఎండోస్కోపీ. అప్పుడు గానీ ఇదేనా, ఇంకోటా అన్నది తేలదు.

"నొప్పి వస్తుందా?" మాధవి అడిగింది.

"రావచ్చు," అంది డాక్టరమ్మ. దాచలేదు.

తిరుగు ప్రయాణంలో పిల్ల కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. మాధవి గొంతు తగ్గించింది గానీ కోపం తగ్గలేదు.

"ఏమండీ, నొప్పొస్తుందని తెలిసి ముక్క కోసి ప్లేట్లో పెట్టగలరా మీరు?"

"పెట్టకపోతే ఎలా తెలుస్తుంది మాధవీ?"

"మీకు అన్నీ తెలియాలి. పేపరాయన కదా! దానికి అన్నంతో బాగుంది. అన్నమే పెడదాం. ఈ జన్మకి బ్రెడ్ తినకపోతే ఏం పోయింది?"

"ఇది కాక ఇంకోటైతే?"

 శ్రావ్య కళ్లు మూసుకుంది గానీ నిద్రపోలేదని ఇంటికొచ్చాక తెలిసింది. బూట్లు విప్పుతూ అడిగింది. "తినాల్సిందేనా నాన్నా?"

"తినాలమ్మా."

"అయితే నేనే చేస్తా. ఏ బ్రెడ్డో నేనే చెప్తా."

జనవరి

క్రిస్మస్ సెలవులు అయ్యాక మొదలుపెట్టాం. ఇంతకుముందు శనివారాలే చేసేవాళ్లం, ఇప్పుడు వారం మధ్యలో కూడా. ఒకసారి దాల్చినచెక్క వేయమంది, ఒకసారి తేనె. ఒకసారి తాబేలు ఆకారం. పిండి పిసుకుతున్నంతసేపూ మామూలు పిల్లే. ఓవెన్ అద్దం ముందు అక్కాచెల్లెళ్లిద్దరూ బోర్లా పడుకుని, అది ఉబ్బడం చూసేవాళ్లు. ఇల్లంతా ఆ వాసన పరుచుకునేది. ఆ వాసనంటే నాకు భయం పట్టుకున్నది అప్పుడే. ఓవెన్ తెరవగానే నోరూరేది, వెంటనే ఆ ముక్క ఎవరు తినాలో గుర్తొచ్చేది.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ కాలేదు. ఇది కాదేమో అన్న ఆశ, అయితే ఇంకేమిటి అన్న దిగులు, రెండూ ఒకేసారి. తర్వాత పొట్ట ఉబ్బింది. సోఫాలో వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకునేది. పొద్దున్న ముక్క ప్లేట్లో పెడితే, తినే ముందు నా ముఖం చూసేది.  నేను కాఫీ కప్పు వెతుక్కునేవాణ్ని.

మాధవి ఆ ప్లేటు ముట్టుకునేది కాదు. వెన్న కూడా రాసేది కాదు. "నా చేత్తో పెట్టను," అని మొదటి రోజే చెప్పేసింది. బ్రెడ్ తినే వేళకు ల్యాప్‌టాప్ పట్టుకుని పడగ్గదిలోకి వెళ్లిపోయేది. మేమిద్దరం మాట్లాడుకునే మాటలు కూరగాయలు, బడి వేళల వరకే కుదించుకుపోయాయి. విషయం తెలిసిన టీచర్ మాత్రం క్లాసులో పుస్తకాల మూల ఒక పరుపు వేయించింది. నొప్పొస్తే ఎవరినీ అడక్కుండా వెళ్లి పడుకోవచ్చు. పిల్లలెవరూ నవ్వకుండా ఏం చెప్పిందో గానీ, ఒకరిద్దరు తమ బొమ్మలు కూడా అక్కడ పెట్టారట.

కొన్నాళ్లకు శ్రావ్య తేరుకుంది. ముఖంలో రంగు వచ్చింది. బ్రెడ్ తింటూనే బాగుంటోంది. అంటే ఇది సీలియాక్ కాదన్నమాట. మరి ఏది? ఆ "ఇంకేవైనా" మళ్లీ వచ్చి నా పక్కన కూర్చుంది. అదే సమయంలో మేఘన అన్నానికి పేచీ పెట్టడం మొదలైంది. ఆకలి లేదంటుంది. రెండోదానికీ మొదలైందా అని దాని పొట్ట కూడా నొక్కి చూడసాగాను.

ఒక సాయంత్రం బాల్కనీలో బట్టలు తీసుకుని అనుకున్నదానికన్నా ముందే లోపలికొచ్చాను. శ్రావ్య ప్లేటు చెల్లెలి ముందుంది. మేఘన బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"మేఘనా, ఏంటది నోట్లో?"

నోరు తెరవలేక తల అడ్డంగా ఊపింది.

"అక్క ముక్క తిన్నావా?"

కష్టపడి మింగింది. "నాకు నొప్పి రాదు కదా నాన్నా. నా కడుపు మంచిది."

"దాన్ని తిట్టకు," అంది శ్రావ్య. "నేనే ఇచ్చా. అది అడిగింది, నేను ఇచ్చా."

"ఎన్నాళ్లనుంచి?"

"నిష్ట్ లాంగె." ఎక్కువ రోజులు కాదట. తొమ్మిదేళ్ల పిల్లకు ఎక్కువంటే ఎంతో నాకు తెలియదు. తిట్టలేదు.  పరీక్ష మళ్లీ పాడైందా, ఇన్నాళ్లు పిల్ల పడ్డ నొప్పంతా వృథాయేనా అన్నదే తలలో తిరుగుతోంది.

మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సు అంతా వింది. విసుక్కుంటుందనుకున్నాను. "చిన్నమ్మాయికి మంచి మనసుందని నేను చెప్పానని చెప్పండి," అంది. "కానీ అక్క ముక్క అక్కే తినాలి." డాక్టరమ్మను కనుక్కుని మళ్లీ చేసింది. తేదీ మార్చక్కర్లేదు, ఈ రోజు నుంచి మాత్రం తప్పకూడదు.

ఆ సాయంత్రం మాధవి ల్యాప్‌టాప్ మూసి వంటింట్లోకి వచ్చింది. నాలుగు ప్లేట్లు తీసింది. ఒక్కో ప్లేట్లో రెండేసి ముక్కలు పెట్టి, వెన్న రాసింది. అందరం కూర్చున్నాం.

"అందరమూనా?" అంది శ్రావ్య.

"అందరమూ. తిను," అంది మాధవి, తను ముందు కొరికి.

రెండు రోజుల్లో నొప్పి తిరిగొచ్చింది. పొట్ట పట్టుకుని ముడుచుకున్న పిల్లను చూసి, హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకోవాల్సిన రోజు ఏ తండ్రికీ రాకూడదు.

ఫిబ్రవరి

ఎండోస్కోపీ రోజు పిల్లను మంచం మీద తోసుకెళ్లారు. తలుపుదాకా మాధవిని రానిచ్చారు. తర్వాత బయట కుర్చీల్లో మేమిద్దరం, ఎదురుగా పనిబూట్లు వేసుకున్న ఒక భారీ మనిషి.

"మొదటిసారా?" అడిగాడు.

అవునన్నాను.

"మా వాడికి చాలాసార్లు అయింది. భయం తగ్గదు. కాఫీ మెషీన్ ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది." లేచి వెళ్లి, మూడు కప్పులు తెచ్చాడు. మాధవి మామూలుగా చక్కెర లేకుండా తాగదు. చక్కెర లేని ఆ కప్పు మొత్తం తాగేసింది.

శ్రావ్య మత్తు వదిలి కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఇక తినక్కర్లేదా?" ఫలితం వచ్చేదాకా ఆపొద్దన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఏడ్చింది. అన్ని వారాల్లో బ్రెడ్ కోసం ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఫలితం చెప్పడానికి పిలిచిన రోజు, డాక్టరమ్మ తలుపు దగ్గరే చెప్పేసింది. మేం కూర్చునేదాకా ఆగలేదు. సీలియాకే. భయపడిన మిగతావేవీ లేవు. జీవితాంతం ఉండే జబ్బు, మందు లేదు, గోధుమ, బార్లీ లాంటివి అణువంత కూడా తగలకూడదు. మాధవి ఆమె రెండు చేతులూ పట్టుకుని డాంకె, డాంకె అంటూనే ఉంది. ఇలాంటి మాటకు థాంక్స్ చెప్పించుకోవడం ఆ డాక్టరమ్మకు అలవాటేననుకుంటాను.

అత్తగారికి ఫోన్ చేశాం. అంతా విన్నారు.

"అంటే రొట్టె మానేస్తే తగ్గుద్ది, అంతేగా?"

"అంతే అత్తయ్యా."

"మరి నేను మొదటే చెప్పలా?"

 ఆవిడ చెప్పింది తప్పూ కాదు. పరీక్షకు ముందు చెప్పడమే మా ప్రాణం మీదికి తెచ్చింది. మీ పిల్లలకు ఇలాంటి అనుమానం వస్తే, పథ్యం మొదలుపెట్టే ముందు ఒక్క మాట డాక్టర్ని అడగండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి చెప్పండి. నేను చెప్పాలనుకున్న హెచ్చరిక ఇంతే.

ఏప్రిల్

ఇంట్లో గోధుమ పిండి అంతా ఇచ్చేశాం. చపాతీ పీట, కర్ర, టోస్టర్, సందుల్లో పిండి ఇరుక్కున్న చెక్క గరిటెలు అన్నీ పోయాయి. అరలు తుడిచాం. శనివారం పొద్దున పిల్లలు వంటింట్లోకి వచ్చి ఏం చెయ్యాలో తెలియక నిలబడేవాళ్లు.

అన్నీ మానేసినా నొప్పి అప్పుడప్పుడు వస్తూనే ఉంది. మునుపటంత కాదు. కానీ రాకూడదు కదా. రక్తంలో అంకెలు తగ్గాల్సినంత తగ్గలేదన్నారు. మాధవి ఫోన్ బోర్లా పెట్టడం మళ్లీ మొదలైంది. ఏదో తెలుగు గ్రూపులో నేను అడిగిన ప్రశ్న చూసి, ఒకావిడ మాగ్డెబర్గ్ అనే ఊరి నుంచి ఫోన్ చేసింది.

"నా పేరు లలిత అండీ. మా బాబుకీ ఇదే జబ్బు. పాప ఏం తింటుందో చెప్పండి, వరసగా."

"అన్నమేనండీ. చారు, పులిహోర, మజ్జిగ పులుసు..."

"పోపులో ఇంగువ వేస్తారా?"

"ఇంగువ లేకుండా చారేంటండీ?"

"అదిగో!" అని నవ్వింది. "మేమూ అదే అన్నాం. ఇంగువలో గోధుమ పిండి కలుపుతారండీ చాలామంది. అసలు ఇంగువ అందులో ఎంతో ఉండదు. బియ్యప్పిండి కలిపింది దొరుకుతుంది, కనుక్కుని కొనండి. మాకు తెలిసేసరికి ఏడాది పట్టింది. మీకు పట్టకూడదనే ఫోన్ చేశా."

వెళ్లి మా డబ్బా చూశాను. నిజమే. పత్రికలో ఉన్నన్నాళ్లూ ఒక్క అక్షరాన్నీ నమ్మకుండా సరిచూసిన మనిషిని, ఇన్నేళ్లలో ఇంగువ డబ్బా వెనక ఏం రాసుందో ఒక్కసారీ చదవలేదు. ఆ వారం చారు చప్పగా తిన్నాం. నెల తిరిగేసరికి నొప్పి రాని రోజులు వరసకట్టాయి. అయినా ఆ వరసను నమ్మడానికి ధైర్యం చాలలేదు.

జూన్

పోయిన శనివారం మళ్లీ బ్రెడ్ చేశాం. బియ్యప్పిండి, జొన్నపిండి, కొంచెం బంగాళాదుంప పిండి. గోధుమ లేని పిండి అతుక్కోదు, ఇసుకలా రాలిపోతుంది. అది పట్టి ఉండడానికి ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో నానబెట్టి కలపాలి.

"విరేచనాల మందేసి రొట్టె చేస్తున్నారా అల్లుడుగారూ?" వీడియోలో అత్తగారు.

"రాత్రికి తెలుస్తుందిలే అమ్మా," అంది మాధవి, గడప దగ్గర నిలబడి.

జడ అల్లడం కుదరలేదు. పిండి ఎక్కడికక్కడ తెగిపోయింది. శ్రావ్య రెండుసార్లు చూసి, విసుగ్గా ముద్ద చేసి బ్రెడ్ అచ్చులో వేసింది. పొంగింది అంతంతమాత్రమే. బయటికి తీస్తే పైన బీటలు. మేఘన వేలితో తట్టి "టేబుల్ లాగుంది" అంది. కోస్తే లోపల మాత్రం మెత్తగా ఉంది. శ్రావ్య నా ముఖం వైపు చూడకుండా ఒక ముక్క తీసుకుంది. తర్వాత ఇంకోటి.

అప్పటినుంచీ నా పని ఒకటే. మధ్యాహ్నం ఆడుకుంటుంటే వెళ్లి అడిగాను, పొట్ట బాగుందా అని. బాగుందంది. నాలుగింటికి అడిగాను. సాయంత్రం సైకిల్ లోపల పెడుతుంటే మళ్లీ అడిగాను. సైకిల్ గోడకు ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"నాన్నా, అడగడం ఆపు. నొప్పొస్తే నేనే చెప్తా. చెల్లికి ఇచ్చేసి దాచినట్టు ఇంకెప్పుడూ దాచను. సరేనా?"

సరేనన్నాను. ఆ రోజు నుంచి పైకి అడగడం మానేశాను.